నాటకాల హాలు పైకప్పు

కేజీఎఫ్‌లో గని కార్మికుల పాత నాటకాల హాలు పైకప్పు అడుగు నిండా ఎర్రసుద్ద గుండ్రాలు కనిపించేసరికి, దాన్ని కూల్చేస్తారని లైను ఇళ్ళలో పుకారు పుట్టింది. రక్షిత కట్టడమని బోర్డు ఉన్నా ఎవరికీ నమ్మకం కుదరలేదు. అక్కడ పిల్లలకు డాన్సు నేర్పే నేత్రావతి పొద్దున్నే, గుర్తులు పెట్టేందుకు కట్టిన సారవ ఎక్కి, తడిగుడ్డతో గుర్తులన్నీ తుడిచేసింది.

కిందికి చూస్తే హెల్మెట్ పెట్టుకున్న కుర్రాడు. పేరు అంబరీష్, క్యాసంబళ్ళి రైతుల ఇంటి పిల్లవాడు, కోలారులో ఇంజనీరు; ఆ గుర్తులు పెట్టింది అతనే. కేకలేస్తాడనుకుంది. అతను మెల్లగా ఎక్కి వచ్చి, ఆమె చేతికి చిన్న సుత్తి ఇచ్చాడు.

"కొట్టి చూడండి."

ఒకచోట ఖంగుమంది. పక్కనే కొడితే గుల్లగా మోగి, పెద్ద పెచ్చు ఊడిపడింది. లోపల కమ్మి తుప్పుపట్టి ఉంది. పెచ్చు పడింది కింద పిల్లలు ఆడే చోటే. నేత్రావతి సుత్తి అతని చేతికి తిరిగి ఇచ్చేసింది.

రాతిగోడలు గట్టివేననీ, మొదట పెంకుల కప్పే ఉండేదనీ, తర్వాత పోసిన కాంక్రీటు స్లాబుకే రోగమనీ అతను చెప్పాడు. దాన్ని తీసి మళ్ళీ పెంకులే వేస్తారట.

"ఈ మాట ముందే చెప్పింటే నేను తుడుస్తానా సార్?"

"మీరు అడిగింటే చెప్పకుండా ఉంటానా?"

అతను సుత్తితో కొడుతుంటే, గుల్లగా మోగిన చోటల్లా ఆమె మళ్ళీ గుండ్రాలు గీసింది. గీస్తూనే పాత ముచ్చట్లు చెప్పింది. చిత్తూరు పక్క నుంచి గనికి వచ్చిన తాత ఈ స్టేజీ మీద ఆడవేషాలు కట్టేవాడట. చీర కుచ్చిళ్ళు సరిగ్గా లేవని ముందు వరసలోంచి ఎగతాళి చేసిన పిల్లనే పెళ్ళాడినాడట. ఆ పిల్లే అవ్వ సొన్నమ్మ.

స్లాబు పడిపోకుండా కింద ఆనకర్రలు నిలబెట్టారు. డాన్సు క్లాసు అవ్వ ఇంటి వసారాకు మారింది. పనివాళ్ళు గోడలు అదరకుండా స్లాబును ముక్కలుగా కోసి దించుతుంటే, అంబరీష్ మంచినీళ్ళ వంకతో రోజూ ఆ వసారాకు వచ్చేవాడు.

పెంకులు వేసినాక అవ్వను హాలుకు తీసుకొచ్చారు. సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. పెంకుల మీద చినుకుల చప్పుడు వింటూ అవ్వ కళ్ళు మూసుకుంది.

"ఈ చప్పుడుకే మీ తాత డైలాగులు వినపడేవి కాదు," అని నవ్వింది.

అంబరీష్ హెల్మెట్ తీసి నసిగాడు. "అవ్వా, ఇంగ నాకు ఈడ పని లేదు."

"పనుంటేనే రావల్నా అప్పా? మీ అమ్మానాయన్ను పిల్చుకొని రా. మాట్లాడదాం."

అతను బిత్తరపోయి నేత్రావతిని చూశాడు. అవ్వకు తమ ఇద్దరి సంగతి అంతా ముందే చెప్పేసినట్టు ఆమె ముఖమే చెబుతోంది.

"ఆదివారం రా," అంది నేత్రావతి. "తక్కిన దినాలు నాకు క్లాసు ఉండాది."