పైనాపిల్ షెడ్డులో టక్ టక్

పసిఫిక్ సముద్రంలోని మా అతియు దీవిలో పాత పైనాపిల్ షెడ్డు పేరెత్తితే మగాళ్లు కూడా మాట మార్చేస్తారు. పొద్దుగూకాక లోపల్నుంచి ఎవరో తలుపు తడతారట... అసలు తలుపే లేని షెడ్డుకి!

మా డాన్సు జట్టు కుర్రాడు మాతయో నాకు చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను.

డాన్సు పోటీ ఇంకా మూడు రోజులుందనగా మా జట్టు పాతే పగిలింది. పాతే అంటే కర్రలతో వాయించే తొలిచిన దుంగ. దాని మోత లేనిదే మావాళ్ల నడుము కదలదు. కొత్తది తొలవాలంటే నెల కావాలి.

"ల్యాప్‌టాప్‌లో సింథసైజరుంది. ఆ మోత నేను పుట్టిస్తా" అన్నాడు మాతయో.

జట్టు పెద్ద తువైనె అత్త నవ్వలేదు. "డబ్బాలోంచి దుంగ మోతా? సరే. పరువు పోయిందో, నార లంగా కట్టి నిన్నే ఆడిస్తానొరేయ్."

ఊళ్లో కుక్కలు, స్కూటర్లు. నిశ్శబ్దం కావాలంటే ఆ షెడ్డే గతి.

చీకటి పడింది. మాతయో ఓ నున్నటి స్వరం తీసుకుని, పైనుంచి కిందికి జారవిడిచాడు. టుంయ్... రబ్బరు బంతిలా ఉంది. మోత చివర సాగే తోక తుంచాడు.

టుక్.

చీకట్లోంచి— టక్!

పారిపోదామంటే నార లంగా గుర్తొచ్చింది.

"ఎ... ఎవరు?"

మళ్లీ టుక్ అనిపించాడు. టక్. పిచ్ పెంచాడు— నిశ్శబ్దం. తగ్గించాడు— టక్... టక్.

అప్పుడర్థమైంది. దెయ్యానికి చెవి ఉంది! నచ్చితేనే పలుకుతోంది!

"తాతా," అన్నాడు ఆ దెయ్యంతో గుసగుసగా, "కర్ర తగిలిన గరుకు చాల్లేదా?"

ఇసుక రాలినట్టుండే రొద పిసరంత, మోత మొదట్లో మాత్రం కలిపాడు. మోగించాడు.

టక టక టక టక!

మాతయో కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడే మొహాన టార్చి వెలుగు పడింది. కెవ్వుమన్నాడు. టార్చి పట్టుకున్న తువైనె అత్త కూడా కెవ్వుమంది.

"ఎవడితోరా మాట్లాడుతున్నావ్?"

"ష్... తాతకి కోపమొస్తుంది, అత్తా."

అత్త తిన్నగా మూలనున్న ఇనప పీపా దగ్గరికెళ్లి మూత తీసింది. లోపల— కుక్కపిల్లంత కవేవు! కొబ్బరికాయని చీల్చే పెద్ద పీత. డెక్కలతో పీపాని కొడుతోంది.

"ఇదిగో మీ తాత. ఏటా పోటీ విందుకి ఇక్కడే ఒకదాన్ని మేపుతా. దొంగలు రాకూడదని దెయ్యం మాట పుట్టించింది కూడా నేనే. నోరు మూసుకో!"

పోటీలో ఆ మోతకి ముసలమ్మలు కూడా లేచి ఆడారు. గెలిచాం. విందులో కవేవుని కొబ్బరిపాలతో వండారు. మాతయో ముట్టలేదు. "గురువుని తింటారటయ్యా ఎవరైనా?" అన్నాడు. ఎవరూ వినలేదు. నేనూ ఓ కాలు తిన్నాను.

వారం తర్వాత ఇంకో మోత తయారుచేద్దామని మాతయో మళ్లీ ఆ షెడ్డుకెళ్లాడు. మోగించాడు.

పీపాలోంచి— టక్.

వంగి చూశాడు. ఖాళీ. అడుగున ఎండిన కొబ్బరి చిప్ప, అంతే.

చేతులు కట్టుకుని మెల్లిగా అడిగాడు:

"గురువుగారూ... పిచ్ ఇంకా తగ్గించమంటారా?"

టక్... టక్.