నాలుగో నంబర్ సిస్టమ్‌లో ఏరివేత

2005 జూన్ 11, శనివారం. ఉదయం 10:20.

మేడ్చల్ బస్టాండ్ ఎదురుగా లింగం నెట్ సెంటర్. నాలుగో నంబర్ సిస్టమ్ స్క్రీన్ మీద పన్నెండు పేర్లు మాయం.

అది బేస్‌బాల్ మేనేజర్ గేమ్. పెద్ద జట్టు కింద నాలుగు చిన్న జట్లు. వాటిలో కుర్రాళ్లను ఆడించి, ఆగి, పైకి తేవాలి. ధర్మేందర్‌కు మూడేళ్లుగా అదే పని. సోమవారం బేగంపేటలో ఒక గేమ్ కంపెనీ టెస్టర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. పెంచిన జట్టును సీడీలో తెమ్మన్నారు. అతని ఆశంతా ఒక పందొమ్మిదేళ్ల పిచర్ మీద, అంటే బంతి విసిరేవాడి మీద. ఇప్పటి మార్కులు 31. ఎదిగితే 90.

ఆ పిచర్ కూడా పోయాడు.

పక్క జిరాక్స్ షాపు ఓదెలు వచ్చాడు. రిటైరైన క్రైమ్ హెడ్ కానిస్టేబుల్. ఎవరికి లాభమో తేలందే ఏ కేసూ ముట్టడు.

"నిన్న గీడ ఎవరెవరు కూసున్నరు?"

లింగం రిజిస్టర్ తిప్పాడు. "ధర్మ వోయినంక హేమచంద్. 5:10 నుంచి 5:40. తర్వాత ధర్మ మామ బాలేష్, ఆరున్నర దాకా. ప్రతి శుక్రవారం కోళ్ల ఫారం రిపోర్టు మెయిల్ జేస్తడు గద."

"ఫైల్ టైమ్?"

"లోపలి బ్యాటరీ వోయింది సార్. అంతా 2001 అనే సూపిస్తది."

ధర్మేందర్ అప్పటికే పక్క సిస్టమ్ ముందున్న హేమచంద్ కాలర్ పట్టుకున్నాడు. "వీడే సార్! సోమవారం ఇంటర్వ్యూకు వీడు గూడ వస్తుండు."

"నేను ముట్టుకోలేదండీ! ముందు కాలర్ వదలమనండి."

"వీన్ని దెబ్బ తియ్యాలంటే ఎవర్ని తీసేస్తవ్?" కాలర్ విడిపించి ఓదెలు హేమచంద్‌ను అడిగాడు.

"ఆ పిచర్ ఒక్కణ్ణే. మిగతావాళ్లతో నాకేం పనండీ?"

ఓదెలు పోయిన పేర్లు కాగితం మీద రాయించాడు. పక్కన మార్కులు. రెండుసార్లు చదివాడు. 11:05కి బాలేష్‌కు ఫోన్ చేశాడు.

11:40. బాలేష్ శామీర్‌పేట దిక్కు నుంచి బండి మీద వచ్చాడు. చొక్కా నిండా దాణా పొడి.

"నాలుగు జట్లు," అన్నాడు ఓదెలు. "ఒక్కోదాంట్ల ముగ్గురు పోయిండ్రు. అందరికన్న తక్కువ మార్కులోల్లే. పగోడైతే ఒక్కన్నే కొడ్తడు. షెడ్డుకు ఇన్నని బక్క కోళ్లను ఏరేది ఎవరు బాలేష్?"

"నేనే. ఏమాయె?" బాలేష్ బెదరలేదు. "బరువు రాని కోడిపిల్లల్ని తీసేస్తేనే షెడ్డు మంచిగుంటది. లేకుంటే మేత దండుగ. సోమవారం కంపెనోల్లు సూస్తే జట్టు జబర్దస్తుండాలె గద అల్లుడా!"

"నన్ను అడగొద్దా మామా?"

"ఖుష్ అయితవనుకున్న."

ఓదెలు కళ్లజోడు తీశాడు. "మూడేండ్ల సంది గీ పోరడు గూడ బరువు రాలే. మరి గీన్ని ఎందుకు ఏరెయ్యలే?"

బాలేష్ నేల చూశాడు. "ఇంట్ల అందరు ఫారంల పనికి పెట్టమన్నరు. నేనే ఆగున్రి అన్న. మనిషిని ఎట్ల ఏరేస్త సార్?"

ధర్మేందర్ హేమచంద్ వైపు తిరిగాడు. "మాఫ్ చెయ్ భయ్," అన్నాడు. కుర్చీలో కూర్చున్నాడు. ఆటలో పిచర్ పేరు వెతికాడు.

నిన్న బాలేష్ ఏరాక ఆటను వారం ముందుకు నడిపాడు. పిచర్‌ను వేరే జట్టు ఎత్తుకుపోయింది. తిరిగి ఇవ్వాలంటే 84 మార్కుల బ్యాటర్ కావాలంది. ధర్మేందర్ జట్టులో అందరికన్నా మేటి అతనే.

బాలేష్ భుజం మీదుగా వంగాడు. "పాగల్‌వా? గంత మంచోన్ని ఇచ్చి, గీ బక్కోన్ని తెస్తవా?"

"తెస్త మామా," అన్నాడు ధర్మేందర్. మౌస్ నొక్కాడు.