దీపం బోటు

పూర్వం పెద్ద పెద్ద రేవుల దగ్గర దీపం ఓడలని ఉండేవట. అవి చేపలు పట్టవు, సరుకు మొయ్యవు, లంగరు దింపుకుని ఒక్కచోటే నిలబడి మిగతా ఓడలకు దారి చూపిస్తాయి. పొడంపేట లాంటి చిన్న బెస్తపల్లెకు అంత వైభవం ఎక్కడిది? ఇక్కడ తవిటయ్య పాత బోటే దీపం ఓడ. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఇసుక తిప్పలు వారానికో చోటికి జరుగుతాయి, ఫోన్లో మ్యాపుకు వాటి సంగతి తెలీదు. అందుకే మంచు పట్టిన తెల్లవారుజామున తవిటయ్య లోతున్నచోట లంగరేసి, బోటులో నిలబెట్టిన కొయ్యకు బేటరీ లైటు కడతాడు. వేటనుంచి వచ్చే బోట్లు దాని పక్కనుంచే లోపలికి రావాలి. వస్తూ వస్తూ ఒక్కో బోటూ ఒక్కో చేప అతని బోటులోకి విసరాలి. అది అతని కూలి. మంచులో మొహాలు కనబడవు గనక ఎన్ని బోట్లు వచ్చాయో లెక్కా అదే.

ఆ రోజు వేటకెళ్లినవి ఏడు. అందులో ఒకటి అల్లుడు సంతోష్‌ది. కూతురు దుర్గకు నెలలు నిండాయి.

ఆరు చేపలు పడ్డాయి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. చలికి తవిటయ్య దవడలు కొట్టుకుంటున్నాయి. నీళ్లమీద ఏదో కుళ్లిన వాసన... అప్పుడు టప్పుమని ఏడో చేప పడింది. ఇంజను చప్పుడు మాత్రం వినబడలేదు. ఆపేసి తెడ్డేసుకుంటూ వచ్చారు కాబోలు అనుకున్నాడు. లైటు ఆర్పి, లంగరు లాగి ఒడ్డుకొచ్చేశాడు.

ఒడ్డున వేట బోట్లు ఆరే ఉన్నాయి.

"ఆయనేరి నాన్నా?" అంది ఒడ్డున ఎదురుచూస్తున్న దుర్గ.

తవిటయ్య ఆ ఆరింటినీ మళ్లీ లెక్కపెట్టాడు. తన బోటులోకి వంగి చూశాడు. ఆరు చేపలు తాజాగా మెరుస్తున్నాయి. ఏడోదాన్ని ముట్టుకున్నాడు. వేలు లోపలికి దిగిపోయింది. చచ్చి ఎన్నాళ్లయిందో...

"లైటు తీసీసినానే అమ్మా..." అన్నాడు.

సముద్రంలో ఇంజను చప్పుడు. సంతోష్ బోటుదే. తవిటయ్య లైటు చంకన పెట్టుకుని మళ్లీ బోటు తొయ్యబోయాడు.

దుర్గ అతని చెయ్యి పట్టుకుంది. నవ్వుతోంది.

"ఉత్తినే బెదరగొట్టీసినావు నాన్నా. అదిగో సూడు, లైటు ఎలుగుతోంది గదేటి. ఒచ్చెస్తన్నారు."

నిజమే. మంచులో పచ్చగా ఓ దీపం. తవిటయ్య ఎప్పుడూ కట్టే ఎత్తులోనే. అతను చంకలోని లైటు తడిమి చూసుకున్నాడు. అది ఆరిపోయే ఉంది.

ఇంజను ఆ దీపానికేసి వచ్చింది. దగ్గరైంది. అప్పుడు దీపం మెల్లగా వెనక్కి జరిగింది... నడిసముద్రం కేసి. ఇంజను చప్పుడూ దాని వెనకే మళ్లింది.

"మావా... ఇంకా ఎంత దూరం?" సంతోష్ గొంతు.

"ఒచ్చీసినావు బాబూ... ఇంకొంచెం రా..."

మంచులోంచి వచ్చిన ఆ బదులు తవిటయ్య గొంతే.