తాడు చివరి కొస

వారమంతా నీళ్ళ ట్యాంకరు తోలేవాడికి సెలవు రోజున మళ్ళీ నీళ్ళే చూడాలని ఎందుకుంటుంది చెప్పండి? డ్రైవరు అదే మాట పెళ్ళాంతో అన్నాడు. "రోజూ నీళ్ళేనాయె, ఇవాళ కూడా నీళ్ళేనా? హాయిగా ఏ సినిమాకో పోదాం పదవే." ఆవిడ వింటేనా! పక్కవాటా వాళ్ళు చూసొచ్చారు, ఎదురింటి వాళ్ళు చూసొచ్చారు, ఇంత పేరున్న జలపాతాన్ని దగ్గర్లో పెట్టుకుని మనమొక్కళ్ళమే చూడలేదంటే నామోషీ కాదూ అంది. కూతురు వంత పాడింది. ఆ పిల్లని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. నిద్రలో తప్ప నోరు మూతపడదు మరి. ఇద్దరాడవాళ్ళూ ఒకటైతే మగాడి మాట నెగ్గేదెక్కడ?

వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. మబ్బు పట్టి ఉండటంతో జనం అప్పటికే ఇళ్ళ దారి పట్టారు. డ్రైవరుకి ఎందుకో కాలు నిలవలేదు. కారు తాళం వేశానా లేదా అని ఒకసారి వెనక్కెళ్ళి చూసొచ్చాడు. వచ్చాక కూడా తాళంచెవిని వేళ్ళ మధ్య తిప్పుతూనే ఉన్నాడు. ఎదురుగా కొండంత ఎత్తునుంచి నీళ్ళు దూకుతున్నాయి. నాచు వాసన, తడి రాయి వాసన, వాటి అడుగున తుప్పు వాసన. కడిగి చాలా రోజులైన ట్యాంకరులోకి తల పెడితే వచ్చే వాసన అది.

జలపాతం వెనక కొండని తొలిచి నడవా వేశారు. అందులోకి తీసుకెళ్ళే గైడు పెద్దావిడ. ముగ్గురికీ పసుపుపచ్చ వానకోట్లు తొడిగి, ముడులున్న పొడుగాటి తాడొకటి చేతికిచ్చింది.

"లోపల గొంతు చించుకున్నా పక్కవాళ్ళకి వినబడదు బాబూ. అందుకే ఈ తాడు. ముడికొకరు పట్టుకోండి, వదలొద్దు. ఒకసారి లాగితే ఆగమని, రెండుసార్లు లాగితే నడవమని. నోటితో పని లేదు."

"అయితే మా పిచ్చుక చచ్చిందే!" అన్నాడు డ్రైవరు.

"పో నాన్నా!" అని ఆ పిల్ల మూతి ముడిచింది.

గైడమ్మ రోజూ చెప్పే పాఠం మొదలెట్టింది. "భూమ్మీద నీళ్ళన్నీ ఒక బిందెడు అనుకోండి. మన నోటికి పనికొచ్చేవి ఒక గరిటెడుంటే గొప్ప. మిగతాదంతా ఉప్పునీళ్ళు, గడ్డకట్టిన మంచు. ఆ గరిటెడులోనే ఏర్లు, చెరువులు, బావులు, ఇదిగో ఇలాంటి జలపాతాలూను. కింద ఊరు ఊరంతా తాగేది ఈ నీళ్ళే."

"నాకు చెప్తున్నారా? నా బండి నింపేది ఈ ఏట్లోనే కదమ్మా. మొన్నటి కరువులో చెరువులు నెర్రెలిచ్చాయి, బోర్లు గాలి కక్కాయి. ఇది మాత్రం సన్నబడనైనా లేదు. ఎక్కణ్ణుంచి వస్తున్నాయంటారూ?"

ఆవిడ తాడు మొదటి ముడి అందుకుంది. "పదండి, చీకటి పడేలోపు తలుపెయ్యాలి" అంది.

ముందు గైడమ్మ, వెనక పెళ్ళాం, ఆ వెనక పిచ్చుక, చిట్టచివర డ్రైవరు. అతని వెనక తాడు కొస నేలమీద ఈడ్చుకుంటూ వస్తోంది. నడవాలోకి అడుగుపెట్టగానే చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. హోరు తప్ప ఇంకేమీ లేదు. ఆ హోరు చెవుల్లో కాదు, పళ్ళలో, ఎముకల్లో మోగుతోంది. గోడలు చెమర్చి ఉన్నాయి. అక్కడక్కడా గుడ్డి దీపాలు. పిచ్చుక ఏదో చెప్పాలని వెనక్కి తిరిగి నోరు కదిపింది. ఒక్క ముక్క వినబడలేదు. డ్రైవరు నవ్వి, పద పద అని చెయ్యి ఊపాడు.

కొంచెం దూరం పోయాక దీపం ఒకటి ఆరిపోయింది. ఆ చీకట్లో తాడు ఒకసారి లాగినట్టయింది.

ఆగాడు. ముందుకి చూశాడు. ఆ తర్వాత తెలిసింది... లాగింది ముందునుంచి కాదు.

వెనక్కి తిరిగాడు. నేలమీద ఉండాల్సిన తాడు కొస నేలమీద లేదు. బిగిసి ఉంది. చీకట్లోకి, కిందకి... చిన్నపిల్లల చెయ్యి ఉండే ఎత్తుకి.

మళ్ళీ లాగింది. గబగబా, చిన్నచిన్నగా. బొమ్మల కొట్టు కనబడితే పిచ్చుక చొక్కా పట్టుకుని ఎలా లాగుతుందో అలా. డ్రైవరు చటుక్కున ముందుకి తడిమాడు. ముందు ముడి ఖాళీగా ఊగుతోంది. పిల్ల లేదు.

ఎప్పుడు వదిలేసింది? నన్ను దాటుకుని వెనక్కెలా పోయింది? అదంతా ఆలోచించే తీరికెక్కడిది! తాడు పట్టుకుని వెనక్కి పరిగెత్తాడు. కొండకి కిటికీలాంటి కంత ఉన్నచోట, పడే నీళ్ళకి ఎదురుగా, చిన్న పసుపు కోటు నిలబడి ఉంది. ముసుగు వేసుకుని అటు తిరిగి ఉంది.

"తాడు వదలొద్దని చెప్పారా లేదా!" అని కేకలేశాడు. తన కేక తనకే వినబడలేదు. లాక్కుని చంకనేసుకున్నాడు. రెండు చేతులు మెడ చుట్టూ బిగిశాయి. అబ్బ, ఎంత చల్లగా ఉందో! ఎంత బరువో! పాపం తడిసి ముద్దయిందనుకున్నాడు. జలుబు చేస్తుందేమో, వాళ్ళమ్మ నన్ను చీల్చి చెండాడుతుంది అనుకుంటూ మళ్ళీ ముందుకి, వెలుతురు వైపు పరుగు తీశాడు.

నడవా చివరికి వచ్చాడు. బయట రేకుల షెడ్డు కింద పెళ్ళాం నిలబడి ఉంది. ఆవిడ చంకలో పిచ్చుక ఉంది. దీపం ఆరగానే భయపడి వాళ్ళమ్మ చంకెక్కినట్టుంది. చేతిలో బిస్కెట్టు. చేతులు తిప్పుతూ ఏదో కథ చెప్తోంది.

డ్రైవరు టక్కున ఆగాడు.

చంకలోది ఆగలేదు.

సగం నిండిన ట్యాంకరుకి బ్రేకు వేస్తే బండి ఆగుతుంది గానీ లోపలి నీళ్ళు ఆగవు. ముందుకి పోయి గుద్దుకుని, మళ్ళీ వెనక్కొచ్చి తంతాయి. ఏళ్ళ తరబడి ఆ తన్ను వీపున మోసినవాడు. ఇప్పుడు అదే తన్ను అతని రొమ్ముకి తగిలింది. పసుపు కోటు లోపల్నుంచి... అటొకసారి... ఇటొకసారి...

"నాన్నా... ఇంటికేనా?"

కేక వినబడనిచోట గుసగుస వినబడింది. పిచ్చుక గొంతే.

అక్కడ షెడ్డులో అసలు పిచ్చుక అతన్ని చూసేసింది. వాళ్ళమ్మ చంకలోంచి జారి ఇటే పరిగెత్తుకొస్తోంది. నాన్నా అని నోరు కదులుతోంది. మెడ చుట్టూ ఉన్న చేతులు వదులయ్యాయి. ముసుగు మెల్లగా అటు తిరగబోయింది, ఎవరా అని చూడటానికి.

వద్దు. చూడకూడదు. వీళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోకూడదు. ఎలా తెలిసిందో గానీ తెలిసింది. ముసుగుని అరచేత్తో భుజానికి అదిమిపెట్టి చీకట్లోకి వెనక్కి పరిగెత్తాడు.

కిటికీ దగ్గర వంగి దింపబోయాడు. దిగలేదు. కాలరు పట్టుకుంది.

"దిగమ్మా..."

"నేనూ వస్తా."

ఏం చేస్తాడు, తండ్రి కదా. పొద్దున్నే డ్యూటీకి పోయేటప్పుడు కాళ్ళకి చుట్టుకునే పిచ్చుకకి రోజూ చెప్పే మాట నోటికొచ్చేసింది.

"ఇవాళ కాదమ్మా. రేపు. రేపు తీసుకెళ్తా. మా అమ్మవి కదూ!"

"ఒట్టు?"

"ఒట్టు."

వేళ్ళు ఒక్కొక్కటే విడిపోయాయి... బుద్ధిగా.

అతను బయటికొచ్చేసరికి పెళ్ళాం తిట్లు లంకించుకుంది. ఎక్కడికి పోయారండీ, పిల్ల ఏడ్చి చస్తోంది అని. పిచ్చుకని ఒళ్ళోకి లాక్కుని తల, వీపు, కాళ్ళు తడిమి చూసుకున్నాడు. వెచ్చగా, తేలిగ్గా, బిస్కెట్టు వాసనేస్తోంది. అతనికి ఏడుపు ఆగలేదు.

గైడమ్మ కోటు విప్పించే నెపంతో అతన్ని పక్కకి పిలిచింది. కోటు ముందుభాగాన చిన్నవేళ్ళ నాచు మరకలు చూసింది. గొంతు తగ్గించి, "ఏం చెప్పి దింపారు బాబూ?" అంది.

చెప్పాడు. ఆవిడ ముఖం పాలిపోయింది.

"రేపన్నారా? అయ్యో... ఏడిపించి వచ్చేసినా బాగుండేదే!"

గబగబా నడవా తలుపు మూసి తాళం వేసింది.

మర్నాడు డ్రైవరు ఒంట్లో బాగాలేదని ఫోను చేసి పనికి పోలేదు. ఇంటికి నీళ్ళొచ్చే గొట్టం మర బిగించేశాడు. బిందెలు, బకెట్లు అన్నీ ఒంపేసి బోర్లించాడు. పెళ్ళాం నెత్తి బాదుకుంది. "మతిగానీ పోయిందా మీకు? అన్నం దేంతో వండను, మీ తలకాయతోనా?" పోయి కొట్లో నీళ్ళ సీసాలు కొనబోయాడు. సీసా మీద అదే జలపాతం బొమ్మ. అక్కడే పెట్టేసి చక్కా వచ్చేశాడు. ఎదురింటివాళ్ళు తోటకి నీళ్ళు పెట్టుకుంటుంటే, పైపు ఇటు తిప్పకండని దెబ్బలాట పెట్టుకున్నాడు.

రోజంతా పిచ్చుకని ఒళ్ళోంచి దింపలేదు. ఆ పిల్ల కథలన్నీ చెప్పింది, చెప్పినవే చెప్పింది, విసుగొచ్చి తండ్రి జుట్టుకి పిలకలేసింది. ప్రతి చప్పుడుకీ అతను ఉలిక్కిపడ్డాడు. సాయంత్రమైంది. దీపాలు పెట్టే వేళయింది. ఎవరూ రాలేదు. తలుపు తట్టలేదు. ఊరికే హడలి చచ్చాను అనుకున్నాడు. రెప్ప వాల్చాడేమో, ఒక్క క్షణం.

కళ్ళు తెరిచేసరికి ఒడి ఖాళీ.

"పిచ్చుకేదే?"

"దువ్వెన పట్టుకుని స్నానాల గదిలోకి పోయింది. ఎంతసేపటికీ రాదు, లోపల ఒకటే కబుర్లు. మీరే పిలవండి" అంది పెళ్ళాం వంటింట్లోంచి.

తలుపు గడియ వేసి ఉంది. పొద్దుటినుంచీ చుక్క నీరు లేని గది అది. డ్రైవరు తలుపు మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది.

"పిచ్చుకా... తలుపు తియ్యమ్మా..."

"ఉండు నాన్నా, చెల్లికి జడ వేస్తున్నా."

అతను తలుపుకి చెవి ఆనించాడు.

"నువ్వు తీసుకొస్తానన్నావట కదా. చూసి చూసి తనే వచ్చేసింది పాపం" అంది పిచ్చుక లోపల్నుంచి. "ఒక తువ్వాలివ్వు నాన్నా. జుట్టు ఎంత పిండినా నీళ్ళు ఆగట్లేదు."