ఏడున్నరా, పద్నాలుగా?

ఉస్మాన్‌గంజ్ గోడౌన్ వెనక రవిచంద్రను పొడిచేశారు. హమాలీ వేషంలో లోపలికి వెళ్లొచ్చిన ఆ ఏజెంటు, ఆఖరి ఊపిరితో ఒక ఫిల్మ్ రోల్‌ని తోటి ఏజెంటు శశికిరణ్ చేతిలో పెట్టగలిగాడు. అంతకుమించి మాట పెగల్లేదు.

ఆ గోడౌన్ గేటు దగ్గరున్న డిటెక్టర్, బ్యాటరీ ఉన్న ప్రతి వస్తువునీ పట్టేస్తుంది. అందుకే పాతకాలపు కెమెరా, బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్.

"శశీ, విను." ఫోన్‌లో చీఫ్ సోమయాజులు. "'పెళ్లి లిస్టు' చేతులు మారింది. కొరియర్ మూడూ నలభై రైలుకి నాంపల్లిలో ఎక్కుతాడు. వాడి మొహం ఆ రోల్‌లోనే ఉంది."

పెళ్లి లిస్టంటే విదేశాల్లో మారుపేర్లతో బతుకుతున్న నలభై మంది మన ఏజెంట్ల జాబితా. అందులో పదిహేడో పేరు సాయిసుధ, శశికిరణ్ చెల్లెలు. అది శత్రువుకి చేరితే ఆ పిల్ల దక్కదు.

మూడూ ఎనిమిది. అబిడ్స్‌లో ఫిల్ములు కడిగే లక్ష్మణరావు డార్క్‌రూమ్. ముసలాయన డబ్బా చుట్టూ ఐసు పెట్టి, ఫిల్మ్ కడిగే మందు డెవలపర్‌ని ఇరవై డిగ్రీలకి దించాడు.

"కెమెరాల ఫిల్మ్ స్పీడు ఎంత పెట్టి తీసిన్రు సార్? నాలుగొందలైతే ఏడున్నర నిమిషాలు కడగాలె. పదహారొందలైతే పద్నాలుగు. తక్కువైతే మొహాలు కనపడయ్, ఎక్కువైతే తెల్లగ పేలిపోతయ్. మళ్ల కడిగేది ఉండదు."

"నాలుగొందలు," అంది హైందవి వెంటనే. రవిచంద్ర పార్ట్‌నర్. ఆకుపచ్చ షిఫాన్ చీర, చెవులకి ముత్యాలు, ఏడ్చి ఎర్రబడ్డ కళ్లు. "కెమెరా లోడ్ చేసింది నేనే."

శశికిరణ్ సరేననబోయాడు. లక్ష్మణరావు మాత్రం కదల్లేదు.

"జర ఆగున్రి. తెల్వని రోల్‌ను నేను ఒకేసారి కడగ. కొసకు ఒక ముక్క కత్తిరించి, గా ముక్క ముందుగాల కడిగి చూస్త."

"టైం లేదు! కత్తెర ఆ కొరియర్ మొహం మీదే పడితే?" హైందవి అడ్డుపడింది.

అదీ నిజమే. శశికిరణ్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "కత్తిరించండి."

ఏడున్నర నిమిషాలు కడిగిన ముక్క వెలవెలబోతూ బయటికొచ్చింది. లక్ష్మణరావు తల అడ్డంగా ఊపాడు. "సగం గూడ కాలే. గిది పదహారొందల మీద తీసిందే."

మూడూ ఇరవై. మిగతా రోల్ ట్యాంకులో పడింది. పద్నాలుగు నిమిషాలు, పైన బొమ్మని నిలబెట్టే ఫిక్సర్‌కి ఇంకో మూడు. మిగిలేది మూడే నిమిషాలు.

లోడ్ చేసిన మనిషికి స్పీడు తెలియకపోవడమేమిటి? పదమూడో నిమిషంలో జవాబు దొరికింది. హైందవి చెయ్యి ట్యాంకు మూత మీదికి పోయింది. మూత ఊడితే వెలుతురు తగిలి ఫిల్మంతా సర్వనాశనం. శశికిరణ్ ఆమె మణికట్టు పట్టి గోడకి అదిమాడు. ఆమె హెయిర్‌పిన్‌లోంచి లేచిన బ్లేడు అతని భుజంలో దిగింది. అయినా వదల్లేదు.

"మీ పని మీరు కానివ్వండి!"

"ఔ సార్, కానిస్తున్న." లక్ష్మణరావు గడియారం మీంచి చూపు తిప్పకుండా ట్యాంకుని తిరగేస్తూనే ఉన్నాడు.

హైందవిని సంకెళ్లతో పైపుకి బిగించేసరికి మూడూ ముప్పై ఏడు. తడి నెగెటివ్‌ని లైటు ముందు పట్టుకుని ఫోన్‌లో పాజిటివ్‌గా మార్చి చూశాడు. నాలుగో ఫ్రేములో హైందవి కవరు అందిస్తోంది. అందుకుంటున్నవాడి భుజాన చాయ్ క్యాను, ఎడమ చెంప మీద పెద్ద మచ్చ. ఫొటో క్షణంలో నాంపల్లిలో కాపు కాసిన మనవాళ్లకి చేరింది.

మూడూ నలభై ఒకటికి ఫోన్ మోగింది.

"దొరికాడు," అన్నాడు సోమయాజులు. "రైలు కదిలాక, బోగీ మెట్టు మీద. కవరు మన చేతిలోనే ఉంది."

శశికిరణ్ నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. లక్ష్మణరావు నెగెటివ్‌ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. మొహం చిన్నబోయింది.

"ఏమనుకోకున్రి సార్, బొమ్మ మీద ఇసుక చల్లినట్టు గ్రెయిన్ జర ఎక్కువొచ్చింది."