ఐదు గంటల్లోపు సంతకం

పరాయి దేశంలో నా మొట్టమొదటి క్లాసులో నేను చేసిన మొట్టమొదటి ఘనకార్యం, నాకు మార్కులు వెయ్యడానికి వచ్చిన మనిషిని అందరి ముందూ నిలబెట్టడం.

తప్పంతా నాదే అంటే ఒప్పుకోను. పీహెచ్‌డీకి వచ్చి రెండు నెలలైనా కాలేదు, మొదటి సంవత్సరం వాళ్ళకి స్టాటిస్టిక్స్ చెప్పమన్నారు. ముప్పై మంది. ఒకడు కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు, ఒకమ్మాయి శాండ్‌విచ్ తింటోంది, అందరూ నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు. మా నాన్న ముప్పై ఏళ్ళు లెక్కల మాస్టారుగా చేశారు. ఆయన క్లాసులోకి ఈగ రావాలన్నా పర్మిషన్ అడగాల్సిందే. ఆ ఇంట్లో పెరిగినవాణ్ణి, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సరిగ్గా అప్పుడే ఒకావిడ నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చి, తడిసిన గొడుగు మూలన పెట్టి, వెనక బెంచీలో కూర్చుంది.

పుస్తకం ఏదని అడిగాను. లేదంది. అయితే కాసేపు నిలబడమన్నాను. క్లాసంతా ఒక్కసారిగా తల తిప్పి చూసింది. అక్కడ విద్యార్థుల్ని నిలబెట్టడం కనీవినీ ఎరగరట, నాకేం తెలుసు? ఆవిడ లేచి నిలబడింది. పైగా చేతిలో ఉన్న కాగితం మీద ఏదో రాసుకుంటోంది. దీని సంగతి చూద్దామని, బోర్డు మీది లెక్కలో తర్వాత ఏం చెయ్యాలో చెప్పమన్నాను. చెప్తాను గానీ మూడో లైనులో మైనస్ ఎగిరిపోయింది, అంది. చూస్తే నిజంగానే ఎగిరిపోయింది. ఇదెక్కడి శనిరా బాబూ అని తెలుగులో పైకే గొణుక్కున్నాను, ఇక్కడ ఎవరికి అర్థమవుతుందిలే అని.

క్లాసయ్యాక ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"నేను మీ అబ్జర్వర్‌నండి. కొత్తగా పాఠం చెప్పేవాళ్ళని సీనియర్ ఒకరు చూసి రిపోర్టు రాయాలి," అంది శుభ్రమైన తెలుగులో. "శని అన్నది కూడా రాశాను. కొట్టెయ్యమంటారా?"

నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది.

రిపోర్టు మర్నాడొచ్చింది. అందులో నా గురించి రాసింది ఇదీ: అర్థమైందా అని ఇరవై ఆరుసార్లు అడిగాడు, ఒక్కసారీ జవాబు కోసం ఆగలేదు. ప్రశ్న వేసినవాణ్ణి పగవాడిలా చూశాడు. ఆరు వారాల తర్వాత ఇంకోసారి చూడాలి, అప్పుడూ ఇంతేనైతే క్లాసు తీసేయాలి. అది చదివి, పోతే పోయిందిలే అనుకున్నాను గానీ, అది పైకి. పాఠం చెప్పడం తప్ప నాకు చిన్నప్పటి నుంచి ఇంకే పిచ్చీ లేదు. ఆ క్లాసు పోతే నాన్నకి మొహం ఎలా చూపించాలి?

దెబ్బలాడదామని ఆవిడ గదికి వెళ్ళి, ట్యూషన్ పెట్టించుకుని వచ్చాను.

ప్రతి మంగళవారం సాయంత్రం, ఖాళీ క్లాసులో రిహార్సల్. నేను మాస్టారు, ఆవిడ మొండి స్టూడెంటు. కాళ్ళు చాపుకుని, చిప్స్ తింటూ, చెప్పిన ప్రతిదానికీ ఎందుకు అనేది. అయితే ఏంటి అనేది. నేను నమ్మను అనేది. నాకు చిర్రెత్తుకొచ్చేది.

"కోపమొచ్చిందా? మంచిది. ఆ కోపంతోనే, బాగా అడిగావని చెప్పండి," అనేది.

నేను పళ్ళు నూరుతూ బాగా అడిగావనేవాణ్ణి. ఆవిడ కళ్ళు మూసుకుని మరీ నవ్వేది.

ఒకరోజు తన సంగతీ చెప్పింది. వచ్చిన కొత్తలో ఓ కుర్రాడు అందరి ముందూ మీరు చెప్పింది తప్పన్నాడట. బాత్‌రూంలోకి వెళ్ళి ఏడ్చిందట. ఆ కుర్రాడే సెమిస్టర్ చివర్లో వచ్చి, మీ వల్లే సబ్జెక్టు మార్చుకుని ఇందులోకి వచ్చానన్నాడట. వీళ్ళు అడ్డంగా ప్రశ్నలేస్తున్నారంటే తలబిరుసు కాదండీ, పాఠాన్ని ఇంటికి పట్టుకెళ్దామనుకుంటున్నారని అర్థం, అంది.

అప్పటి నుంచి నా క్లాసు కళే మారిపోయింది. శాండ్‌విచ్ అమ్మాయి ఒక్కరోజే ఏడు డౌట్లు అడిగింది. ఏడూ తీర్చి బయటపడేసరికి గంట దాటింది, నాకు మాత్రం గాల్లో తేలుతున్నట్టుంది. ఆ సంగతి ముందు ఆవిడకే చెప్పాలనిపించింది. అలా అనిపించగానే నా పని అయిపోయిందని తెలిసిపోయింది.

ఐదో మంగళవారం జోరున వాన. బస్ స్టాపులో నిలబడి మాట్లాడుకుంటున్నాం. నా బస్సు మూడుసార్లు వచ్చి వెళ్ళింది. ఆవిడా తన బస్సులు వదిలేస్తోందని నాకు తట్టనే లేదు. చెప్పేద్దామని నోటి చివరిదాకా వచ్చింది. కానీ రిపోర్టు రాసే మనిషితో ప్రేమ మాటేమిటి, కాకా పడుతున్నాననుకోదూ? పరీక్ష అయ్యాక చెప్దామని మింగేశాను.

ఆ రోజు రానే వచ్చింది. తలుపు తెరుచుకుంది. వచ్చింది ఆవిడ కాదు, తెల్లమీసాల ప్రొఫెసరు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు డిపార్ట్‌మెంట్‌లో లేరు.

నా మీద నమ్మకం లేక తప్పుకుందనుకున్నాను. ఉక్రోషంతోనే మొదలుపెట్టాను. సగంలో శాండ్‌విచ్ అమ్మాయి చెయ్యెత్తి ఒక ప్రశ్న వేసింది. దానికి జవాబు, ఒట్టు, నాకు తెలియదు.

"బాగా అడిగావు. నాకూ తెలీదు. అందరం కలిసి చూద్దామా?" అన్నాను.

అంతే, క్లాసు తిరునాళ్ళయిపోయింది. బోర్డు దగ్గరికి ఒకడు, వాణ్ణి తోసుకుంటూ ఇంకొకడు. పది నిమిషాల్లో లెక్క తేలింది. ప్రొఫెసరు కూడా కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

క్లాసవగానే తిన్నగా ఆఫీసుకెళ్ళి, అబ్జర్వర్ని ఎందుకు మార్చారని అడిగాను. ఆఫీసమ్మ కంప్యూటర్ చూసి, ప్రొఫెసరు క్లాసులోంచే పంపిన రిపోర్టు చాలా బాగుంది, కానీ ఇంకా చెల్లదు అంది. పాత అబ్జర్వర్ తప్పుకుంటూ ఒక ఫారం నింపిందట. అందులో నా సంతకం కూడా ఉండాలట. తనే నాకు ఇస్తానని తీసుకెళ్ళి మూడు రోజులైందట. ఐదింటిలోపు తేకపోతే ఈ పరీక్ష లెక్కలోకి రాదు.

తప్పుకోవడానికి కారణమేంటన్నాను. అది చెప్పకూడదు, అయినా ఫారంలో ఉండేవి మూడే, అంది. చుట్టరికం. వ్యాపారం. సన్నిహిత సంబంధం.

మా ఇద్దరికీ చుట్టరికం లేదు. వ్యాపారం మాటకొస్తే, చిప్స్ ప్యాకెట్టు కూడా ఎవరిది వాళ్ళే కొనుక్కున్నాం.

వానలో అలాగే పరిగెత్తాను. ఆవిడ గది బయట డౌట్లు అడిగేవాళ్ళ క్యూ. ముందు నలుగురు. ఆ ఊళ్ళో క్యూ తప్పడమంటే హత్య చేసినంత పని. నీళ్ళు కారుతూ నిలబడ్డాను. ఆవిడ నన్ను చూసి, చేతిలో పెన్ను కింద పడేసుకుంది. నా వంతు వచ్చేసరికి ఐదుకి పద్దెనిమిది నిమిషాలున్నాయి. వెనక ఇంకో ఇద్దరు.

"ఫారం," అన్నాను.

డ్రాయర్‌లోంచి తీసింది. మూడో గడిలో టిక్కు.

"నాకంటే ముందు ఆఫీసుకి చెప్పారా?"

"మరేం చెయ్యను? పక్షపాతం లేదని సంతకం పెట్టమన్నారు. నాకు బోలెడంత ఉంది." తల దించుకుంది. "తీరా మీకు ఇద్దామంటే చెయ్యి రాలేదు. మీకు అలాంటిదేం లేకపోతే కాదని టిక్కు పెట్టండి. మీ పరీక్ష నేనే మళ్ళీ ఎవరితోనైనా..."

"నిన్ను ప్రేమిస్తున్నాను," అన్నాను. మీరు ఎప్పుడు నువ్వయిందో నాకే తెలియలేదు. "బస్సులు పోయిన రోజునే చెప్పాల్సింది. రిపోర్టు కోసమనుకుంటావని భయపడ్డాను."

ఒప్పుకుంటున్నాను అన్న గడిలో టిక్కు కొట్టి, కింద సంతకం పెట్టాను. గట్టిగా పెట్టానేమో, కాగితం చిరిగింది. ఆవిడ దాన్ని అరచేత్తో సాపు చేస్తూ కళ్ళు తుడుచుకుంది. వెనకున్న కుర్రాడు, మాట అర్థం కాకపోయినా, పుస్తకం మూసి మర్యాదగా గోడవైపు తిరిగాడు.

"వెళ్ళు, తొందరగా ఇచ్చిరా. ఈలోపు వీళ్ళ డౌట్లు తీర్చేస్తాను," అంది. నేను కాగితం చొక్కాలో దాచుకుని గుమ్మం దాటుతుంటే మళ్ళీ పిలిచింది. "రాగానే మా అమ్మకి ఫోన్ చేద్దాం. తనకంటే ముందు ఆఫీసుకి తెలిసిందంటే నన్ను చంపేస్తుంది."