పదమూడు ఎర్ర చుక్కలు

"ముట్టుకోకు," అన్నాడు నాన్న.

"ముట్టుకోలేదు. చూస్తున్నా," అంది పిడుగు.

"ముక్కు ఆనించి చూస్తారా ఎవరైనా?"

పిడుగు ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ అమ్మాయికి పదేళ్ళు. అసలు పేరు బడి రిజిస్టరులో భద్రంగా ఉంది. ఇంట్లో మాత్రం అందరికీ పిడుగే. ఎందుకని ఎవరూ అడగరు. ఐదు నిమిషాలు పక్కన కూర్చుంటే చాలు, తెలిసిపోతుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం వాళ్ళిద్దరూ పిన్ని బొమ్మల ప్రదర్శనకు వచ్చారు. పిన్ని పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. రోజూ పొద్దున్నే లేచి, ఉద్యోగానికి వెళ్ళేలోపు బొమ్మలు వేస్తుంది. ఐదేళ్ళుగా వేస్తున్నా వాటిని నలుగురికీ చూపించడం ఇదే మొదటిసారి.

కిందటి వారమే పిడుగు బడి పిల్లలతో కలిసి ఒక పెద్ద మ్యూజియం చూసింది. అక్కడ బొమ్మల ముందు తాడు కట్టి ఉంది. తాడు పక్కన స్టూలు మీద ఒక గార్డు. పిడుగు తుమ్మితే ఆ తుమ్ము మూడు హాళ్ళు తిరిగి మళ్ళీ తన దగ్గరికే వచ్చింది. గార్డు స్టూలు మీంచి లేచి మరీ చూశాడు. బొమ్మలు చూడటమంటే ఊపిరి బిగబట్టి నడవడమని ఆ రోజు ఆమెకు తెలిసింది.

ఈ గ్యాలరీ అలా లేదు. సైకిల్ షాపుకీ టైలర్ షాపుకీ మధ్య రెండే గదులు. తాడూ లేదు, గార్డూ లేడు. గోడ అవతల కుట్టుమిషను టకటకలాడుతోంది. గోడల మీద పన్నెండు బొమ్మలు. అన్నీ ఆసుపత్రిలో తమ వంతు కోసం ఎదురుచూసేవాళ్ళవే. ఒకాయన వాచిన బుగ్గ పట్టుకుని కూర్చున్నాడు. ఒకావిడ పత్రికను తలకిందులుగా పట్టుకుని చదువుతోంది. ఒక పిల్లాడు కుర్చీ కింద దాక్కున్నాడు. ఒక బొమ్మలో అయితే మనిషే లేడు. ఖాళీ కుర్చీ, దానికి ఆనించిన తడి గొడుగు. అంతే.

వాచిన బుగ్గ బొమ్మ పక్కన, పేరు రాసిన చీటీ మీద, ఒక ఎర్ర చుక్క అంటించి ఉంది. మిగతా వేటికీ లేదు.

పిడుగుకి వెంటనే అర్థమైపోయింది. ఆమెకు ఏదైనా వెంటనే అర్థమైపోతుంది. చిక్కంతా అక్కడే వస్తుంది.

వాళ్ళ టీచరు బాగా రాసిన నోటుబుక్కుల మీద స్టార్లు అంటిస్తుంది. ఇదీ అలాంటిదే అన్నమాట! మరి పన్నెండింట్లో ఒక్కదానికే ఇస్తారా? ఇదెక్కడి న్యాయం?

గుమ్మం దగ్గర బల్ల మీద చుక్కల అట్ట ఉంది. దాని వెనక కుర్చీలో గ్యాలరీ అంకుల్ లేడు. గుమ్మానికి అడ్డంగా సైకిళ్ళు పెట్టారని పక్క షాపు అతనితో గొడవ పెట్టుకోవడానికి వెళ్ళాడు. పిన్ని నీళ్ళ సీసాలు తెస్తానని వెనక వైపు వెళ్ళింది. నాన్న రెండో గదిలో ఉన్నాడు. ఒక్కో బొమ్మ ముందు సరిగ్గా ఒక నిమిషం నిలబడి, అంతా అర్థమైనట్టు తల ఊపుతున్నాడు.

పిడుగు అట్ట చేతిలోకి తీసుకుంది. తను చాలా కఠినమైన జడ్జినని ముందే అనుకుంది. ఒక్క మూడింటికే ఇవ్వాలి. కానీ మూడు అయ్యాక నాలుగోది దిగులుగా కనిపించింది. ఐదోదానికి కోపం వచ్చినట్టుంది. నాన్న రెండో గదిలోంచి మొదటి గదిలోకి వచ్చేసరికి, ఈవిడ రెండో గదిలోకి వెళ్ళి అక్కడి పనీ పూర్తి చేసింది. గొడుగు బొమ్మలో ఎవరూ లేకపోవడం చూసి జాలి పడి, దానికి రెండు అంటించింది.

ఇంతలో చేతికర్రతో ఒక బామ్మగారు లోపలికి వచ్చారు. అన్ని బొమ్మలూ దాటుకుంటూ వెళ్ళి గొడుగు బొమ్మ ముందు ఆగారు. చాలాసేపు చూసి, తనలో తనే నవ్వుకున్నారు. తర్వాత చీటీ చూశారు.

"అయ్యో! నాకంటే ముందు ఇద్దరు వచ్చేశారే," అని నిట్టూర్చి వెళ్ళిపోయారు.

"నాన్నా, ఆవిడ ఎందుకు వెళ్ళిపోయింది?"

"ఎర్ర చుక్క ఉందిగా మరి. అంటే ఆ బొమ్మ అమ్ముడైపోయిందని గుర్తు," అన్నాడు నాన్న. అప్పుడు చుట్టూ చూశాడు. "అరె! అన్నీ అయిపోయాయే!"

పిడుగు చుక్కల అట్టను గబుక్కున వీపు వెనక దాచేసింది. సరిగ్గా అప్పుడే పిన్ని నీళ్ళ సీసాలతో వచ్చింది. ఒక చుక్క చూసింది. ఇంకోటి చూసింది. సీసాలు నేల మీద పెట్టేసింది.

"బావా! అన్నీనా? నేనలా వెళ్ళి ఇలా వచ్చేలోపు అన్నీనా?"

"నేను ముందే అనుకున్నా. ఆ రంగులు చూడగానే తెలిసిపోయింది," అన్నాడు నాన్న.

"గ్యాలరీ ఆయన ఫోనులోనే అమ్మేసినట్టున్నాడు! పొద్దున మా డాక్టరు గారు వాచిన బుగ్గ తీసుకున్నారు. నా మీద జాలితో కొన్నారేమో అనుకున్నా." పిన్ని కళ్ళు తుడుచుకుంది. "ఐదేళ్ళు, బావా. ఒక్కరికీ నచ్చవేమోనని ఎంత భయపడ్డానో నీకు తెలీదు."

పిడుగు చుక్కలు అంటించడం ఎవరూ చూడలేదు. పిన్ని ఇంత సంతోషంగా ఉండటం కూడా ఆమె ఎప్పుడూ చూడలేదు. చెబితే ఆ ముఖం ఏమైపోతుంది?

పిన్ని ఫోను తీసింది. "ఇక రోజంతా బొమ్మలే వేస్తా! డాక్టరు గారికి ఇప్పుడే చెప్పేస్తా, రేపటి నుంచి ఇంకో మనిషిని చూసుకోమని."

అవతల ఫోను ఎత్తారు. "హలో, చెప్పమ్మా."

పిడుగు ఒక్క గంతు వేసి ఫోను లాక్కుంది. "డాక్టరు గారూ! పిన్ని రేపు వస్తుంది! టైముకే వస్తుంది!" అని అరిచి కట్ చేసింది.

గోడ అవతల కుట్టుమిషను కూడా ఆగింది.

"ఏంటే ఇది?" అంది పిన్ని.

"చుక్కలు నేనే అంటించా పిన్నీ. స్టార్లు అనుకున్నా. ఎవరూ కొనలేదు," అని ఏడుపు ఆపుకోలేక గబగబా చెప్పేసింది పిడుగు. "సారీ పిన్నీ."

పిన్ని మెల్లగా బెంచీ మీద కూర్చుంది. తిట్టినా బాగుండేదని పిడుగుకి అనిపించింది. నాన్న ఒక బొమ్మ వైపు తిరిగి, ఈసారి తల ఊపకుండా నిలబడ్డాడు.

పిన్ని తల ఎత్తి అడిగింది. "పోనీ, నీకైనా నిజంగా నచ్చాయా?"

ఇక అబద్ధం చెప్పే ఓపిక పిడుగుకి లేదు. "పదకొండింట్లో ఎనిమిదే నచ్చాయి. మూడింటికి జాలి పడి ఇచ్చా."

పిన్ని ఆమె వైపు అలాగే చూసింది. తర్వాత ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ముక్కు చీదుకుంది. "ఎనిమిదా! మా డాక్టరు గారు కూడా అన్ని మార్కులు వెయ్యలేదే!"

గ్యాలరీ అంకుల్ అప్పుడే తిరిగి వచ్చాడు. గొడుగు బొమ్మ చీటీ చూసి గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. "ఒక బొమ్మని ఇద్దరికి ఎవరమ్మా అమ్మింది?"

పిడుగు ఆయనకూ ఉన్నదంతా చెప్పింది. వాచిన బుగ్గది వదిలేసి మిగతా చుక్కలన్నీ గోటితో ఒక్కొక్కటే పీకింది. పన్నెండు. వాటిని పారేయడానికి కూడా ఆగకుండా చేతి నిండా అంటించుకుని, "నాన్నా, ఆ బామ్మగారు! పద!" అంటూ పరుగు తీసింది.

బామ్మగారు బస్ స్టాపులో ఉన్నారు. దద్దుర్లు లేచినట్టున్న ఆ చేతిని చూసి ముందు కంగారుపడ్డారు. సంగతి విన్నాక బస్సు వదిలేసి వెనక్కి వచ్చారు.

"దీనికి రెండు ఎందుకిచ్చావు?" అని గొడుగు బొమ్మ ముందు నిలబడి అడిగారు.

"పాపం, ఎవరూ లేరుగా. దిగులుగా ఉంది."

"దిగులా? సరిగ్గా చూడు. బయట వాన. లోపల పంటినొప్పి. నొప్పి ఉన్నంతసేపూ ఆ మనిషి గొడుగు గట్టిగా పట్టుకునే కూర్చుని ఉంటాడు. తగ్గగానే వాన సంగతి కూడా మర్చిపోయి ఇంటికి పరిగెత్తాడు!"

పిడుగు చూసింది. కుర్చీ దగ్గర నుంచి తలుపు దాకా తడి అడుగులు ఉన్నాయి. ఒకదానికొకటి చాలా దూరంగా ఉన్నాయి. నిజంగానే అవి పరిగెత్తేవాళ్ళ అడుగులు. చుక్కలు పంచే హడావుడిలో ఆమె వాటిని చూడనే లేదు.

"ఇది మా ఇంటికే," అన్నారు బామ్మగారు.

అంకుల్ కొత్త అట్ట తీసి, నవ్వుతూ పిడుగు ముందుకు చాపాడు. "నీకు అనుభవం ఉందిగా. అంటించు."

పిడుగు చేతులు దురదపెట్టాయి. వాటిని వెనక్కి కట్టుకుంది. "ఐదేళ్ళు వేసింది పిన్ని. పిన్నే అంటించాలి."

పిన్ని అట్ట అందుకుంది. మొదటి చుక్క జారి కింద పడింది. రెండోది సరిగ్గా అంటుకుంది.

పిడుగు ఆమె పక్కకు వచ్చి నిలబడింది. "పిన్నీ, ఇప్పుడు తొమ్మిది నచ్చాయి," అంది. "మిగతా రెండూ ఇంకోసారి చూసి చెబుతా."